మెట్ల దగ్గర నిలబడ్డ రోజు

నాకు భయం ఎక్కువ. ఎంత ఎక్కువంటే, కుక్కరు కూత వేయడం కాస్త ఆలస్యమైతే వంటగదిలోంచి బయటికొచ్చి గుమ్మం పక్కన దాక్కునే రకం. ఈ మధ్య కాలేజీ స్నేహితురాలొకత్తె నా వాలకం చూసి, "హైస్కూల్లో స్కూల్ లీడరువటగా! మరి ఈ పిరికితనం ఏంటే?" అని పడీపడీ నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ ఆ మాట నన్ను వదల్లేదు. స్కూల్లో లీడర్లుగా చేస్తే పిల్లలకి ధైర్యం వస్తుందని స్టేజీలెక్కి పెద్దలు చెబుతుంటారు. ఏమో బాబూ, నాకైతే రాలేదు. నాకు వచ్చింది వేరే. అదేమిటో చెప్పాలంటే నా పదో తరగతి ఫిబ్రవరి నెలకి వెళ్ళాలి.

మాది పర్చూరు అవతల నల్లరేగడి ఊరు. సగం పత్తి, సగం మిరప. మా నాన్న కౌలుకి మిరప వేసేవాడు. ఫిబ్రవరి వచ్చిందంటే కోసిన కాయలన్నీ కల్లాల్లో ఆరబోసి ఉంటాయి, ఊళ్ళో ఎటు తిరిగినా ఎరుపే. పొరుగూరి చుట్టాలు వస్తే గుమ్మంలోనే తుమ్ములు మొదలెడతారు. మాకు ఆ ఘాటు తెలియనే తెలియదు. పుట్టిన దగ్గర్నుంచీ పీలుస్తున్న గాలి కదా.

మా ఇంట్లో ఒక్క మనిషికి మాత్రం తెలిసేది. మా చెల్లికి. దానికి ఆయాసం. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, పిడికెడు మనిషి. కల్లాల రోజులొస్తే చాలు, దాని గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. అమ్మ పక్కలో అది కూతలు పెడుతుంటే నేను గోడవైపు తిరిగి పడుకుని, ఆ కూత ఆగినా భయమే, ఆగకపోయినా భయమేగా అని దుప్పటి నోట్లో కుక్కుకునేదాన్ని. చీరాల డాక్టరు ఒక పంపు ఇచ్చాడు. నీలం రంగుది, అరచేతిలో పట్టేది. బాగా ఊపి, నోట్లో పెట్టుకుని నొక్కి, ఊపిరి లోపలికి లాగాలి. చెల్లి ఆరో తరగతిలో మా హైస్కూల్లో చేరిన రోజు అమ్మ ఆ పంపు నా చేతిలో పెట్టింది. "దానికిస్తే పారేస్తది. నీ దగ్గరే ఉండాల. నువ్వుండేది అందుకే," అంది. నువ్వుండేది అందుకే. ఆ మాట నా మెడలో గంటలా వేలాడుతుండేది. బళ్ళో ఎక్కడ ఎవరు దగ్గినా నా చెయ్యి బ్యాగులోకి పోయేది.

ఇలాంటిదాన్ని పట్టుకుని లీడర్ని చేశారు. నేనడిగానా? మా తెలుగు టీచరు గారు, "ఈసారి ఆడపిల్ల నిలబడాల్సిందే" అని నా పేరు బోర్డు మీద రాసేశారు. నాకు పోటీగా మా క్లాసులో అందరికంటే పొడుగు కుర్రాడు నిలబడ్డాడు. వాడు మాటకారి, వాలీబాల్ ఆడేవాడు, వాడే గెలుస్తాడని నేను నిశ్చింతగా ఉన్నాను. ఆడపిల్లలంతా కట్టకట్టుకుని నాకు ఓటేసి నా కొంప ముంచారు. ఫలితం చెప్పిన రోజు ఇంటికొచ్చి ఏడిచాను. అమ్మ, "గెలిచి ఏడిచే మొహాన్ని నిన్నే చూశా," అని నాకు మజ్జిగన్నం కలిపి పెట్టింది.

ప్రార్థనలో మొదటి రోజు నా గొంతు పెగల్లేదు. "స్కూల్, అటెన్షన్" అనాలి. అన్నాననే అనుకున్నాను. ముందు వరసలో ఉన్న ఆరో తరగతి పిల్లలు తప్ప ఎవరూ కదల్లేదు. వెనకనుంచి పొడుగోడు, "దోమ పాడుతోందిరోయ్" అన్నాడు. గ్రౌండంతా గొల్లుమంది.

అప్పుడు మా డ్రిల్లు మాస్టారు నన్ను పట్టుకున్నారు. పట్టుకోవడమంటే అట్టాఇట్టా కాదు. సాయంత్రం ఆఖరి గంట కాగానే నన్ను మెట్ల ముందు నిలబెట్టి, ఆయన పోయి అంత దూరాన రోడ్డు గేటు దగ్గర నిలబడేవారు. రోడ్డు మీద పత్తి లారీలు, ట్రాక్టర్లు. వాటి రొద దాటుకుని నా కేక ఆయనకి చేరాలి.

"వినబళ్ళా!" అని అరిచేవారు. నేను మళ్ళీ అరిచేదాన్ని. "వినబళ్ళా! అన్నం తినలేదా?" మళ్ళీ. రోడ్డవతల టీకొట్టు మామ్మ గ్లాసులు కడుక్కుంటూ, "నాకు వినబడిందయ్యా, పిల్లని వదిలెయ్యి," అని ఆయన్ని కసురుకునేది.

గొంతు కుదిరాక ఆయన రెండో పాఠం చెప్పారు. "అరుపు వేరు, ఆర్డరు వేరమ్మా. అరిస్తే పిల్లలు బెదురుతారు. ఆర్డరిస్తే ఆగుతారు. ఇంకో మాట. ఆర్డరిచ్చాక నువ్వు కదలకూడదు. లైనంతా నిన్నే చూస్తా ఉంటది. నువ్వు కదిలితే లైను కదులుద్ది. ఆఖరివాడు గేటు దాటిందాకా నీ కాళ్ళు అక్కడే ఉండాల."

ఎండలో నా కాలి మీద చీమలు పాకుతున్నా ప్రార్థన అయ్యేదాకా కదలకుండా నిలబడ్డం ఆ ఏడాది నేర్చుకున్నాను. ఇదెందుకు పనికొస్తుందిలే అని లోపల్లోపల తిట్టుకునేదాన్ని కూడా.

మా బళ్ళో పదో తరగతి వాళ్ళు వెళ్ళిపోయే ముందు స్వపరిపాలన రోజు చేస్తారు. ఆ రోజు పిల్లలే టీచర్లు. ఆడపిల్లలు అమ్మల చీరలు కట్టుకుని, మగపిల్లలు ఇస్త్రీ చొక్కాలు టక్ చేసుకుని వస్తారు. తొమ్మిదీ పదీ వాళ్ళు కింది తరగతులకి పాఠాలు చెబుతారు. స్కూల్ లీడరు హెడ్ మాస్టారు. అసలు టీచర్లు ఆ రోజు తరగతుల్లోకి అడుగుపెట్టరు. బడి వెనక వేపచెట్టు కింద సాయంత్రం బహుమతుల సభకి కుర్చీలు వేయించుకుంటూ, వేరుశనక్కాయలు తింటూ కూర్చుంటారు. ఆఖరి గంట కొట్టాకే లోపలికొస్తారు. అది మా బడి ఆనవాయితీ.

నేను అమ్మ వంకాయరంగు చీర కట్టుకున్నాను. చీర కట్టుకుంటే బ్యాగు బాగుండదని ఆడపిల్లలమంతా బ్యాగులు ఇంట్లో వదిలేశాం. మరి పంపు? అమ్మ నా కొంగు చివర పంపు పెట్టి గట్టి ముడేసింది. "ఊడదు," అంది. ఊడకపోవడమే తర్వాత నా ప్రాణం తీసింది.

మా బడి రెండంతస్తులు. కింద వరండాలో ఈ చివర గేటు వైపు హెడ్ మాస్టారి గది, ఆ చివర వెనక గోడ వైపు ఆరో తరగతి, మధ్యలో మెట్లు. పెద్ద తరగతులన్నీ పైన. దిగడానికి ఆ మెట్లొక్కటే దారి. వెనక గోడ అవతల పొలాలు. గోడకానుకునే ఒక పెద్దాయన మిరప కల్లం, దాని పక్కన ఆయనదే పత్తి చేను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక, వంటచేసే పిన్ని మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టింది. "ఇంతమంది మహాలక్ష్ములు చీరలు కట్టుకుని తిరుగుతా ఉంటే ఊరి కళ్ళన్నీ మీ మీదే," అని గుప్పెడు ఎండుమిరపకాయలూ ఉప్పూ మా అందరి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి లేకపోతే మిరపకాయలు కాలి ఘాటొస్తుందనీ, ఉంటే రాదనీ కదా మావాళ్ళ నమ్మకం. ఘాటు రాలేదు. పిన్ని బుగ్గలు నొక్కుకుంది. "చూశారా! ఎంత దిష్టో! వాసనే రాలా!" మేమంతా మురిసిపోయాం. పిన్నికి తృప్తి కలగక ఇంకో గుప్పెడు తిప్పి వేసింది.

అందుకే ఆ తర్వాత ముక్కు చురుక్కుమన్నప్పుడు మాకెవరికీ అనుమానం రాలేదు.

నేను హెడ్ మాస్టారి కుర్చీలో కూర్చున్నాను. కాళ్ళు నేలకి పూర్తిగా ఆనడం లేదు. పొడుగోడు ఆ రోజు అటెండరు. కావాలని అడిగి పుచ్చుకున్నాడు, గంట కొట్టొచ్చని. గుమ్మంలో స్టూలేసుకుని కూర్చుని, ఒకసారి తుమ్మి, "మేడంగారూ, మీ దిష్టి ఇప్పుడు కాలతా ఉందండీ," అన్నాడు. నేను నవ్వాను, దగ్గాను. పైనుంచి కూడా దగ్గులూ నవ్వులూ కలిసి వినబడ్డాయి. బడంతా దగ్గుతూ నవ్వుతోంది. ఎవరో కిటికీలోంచి, "పిన్నీ, దిష్టి పోయింది, చాలు ఆపు!" అని అరిచారు. "నేనెప్పుడో ఆర్పేశానే!" అని వంటగది నుంచి పిన్ని కేకేసింది. ఆ మాట కూడా మాకు చెవికెక్కలేదు. దానికీ నవ్వారు.

తర్వాత నవ్వు ఆగిపోయింది. దగ్గు ఆగలేదు.

వరండాలోకొచ్చాను. ఆ చివర వెనక గోడ మీంచి పొగ లోపలికి దిగుతోంది. తెల్లది కాదు, మురికి గోధుమరంగు. కళ్ళలో ఎవరో కారం చల్లినట్టయింది. గోడ అవతల పెద్దాయన గొంతు, "పట్టాలు లాగండ్రా! కుప్పంటుకుందిరా!" అని ఏడుపులాంటి కేక. ఏరడం అయిపోయిన చేలో పత్తికట్టెకి నిప్పు పెట్టుకున్నాడట. ఏటా పెట్టేదే. ఆ రోజు గాలి తిరిగింది. నిప్పు గట్టు దాటి, కల్లంలో పట్టా కప్పిన మిరపకాయల కుప్పకి అంటుకుంది. ఇవన్నీ తర్వాత తెలిసినవి. అప్పుడు నాకు తెలిసిందల్లా ఒకటే. ఆ పొగకి అందరికంటే దగ్గరగా ఉన్నది ఆరో తరగతి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆరో తరగతి ఆకుపచ్చ తలుపు మూసి ఉంది. ఆ గంట వాళ్ళకి పాఠం చెబుతున్న తొమ్మిదో తరగతి పిల్ల, పొగ రాకుండా తలుపూ కిటికీలూ మూసి గడియ వేసింది. మంచిదనే వేసింది పాపం. కానీ పైన ఉన్న గాలి కంతలకి తలుపుల్లేవు. పొగ అందులోంచి తాపీగా లోపలికి పోతోంది. మా చెల్లి లోపలుంది. పంపు నా కొంగులో ఉంది.

పరిగెత్తాను. చీర కాళ్ళకడ్డం పడుతోంది, కుచ్చిళ్ళు గుప్పిట పట్టుకుని పరిగెత్తాను. మెట్ల దాకా వచ్చాను.

పైనుంచి ఉరుము లాంటి చప్పుడు. పై తరగతుల పిల్లలంతా ఒక్కసారిగా మెట్ల మీదకి వచ్చిపడుతున్నారు. ఆ మెట్లు ఎంత వెడల్పని! ఇద్దరు పక్కపక్కన దిగితే భుజాలు రాసుకుంటాయి. ముందు వస్తున్నవాళ్ళు కళ్ళు మూసుకుని తడుముకుంటున్నారు, వెనకవాళ్ళు నెడుతున్నారు. చీర కట్టుకున్న పిల్ల ఒకత్తె మలుపు దగ్గర కిందపడింది. దాని మీంచి ఎవరి కాలో పోయింది. అది పెట్టిన కేక నా వెన్నులో ఇంకా ఉంది.

వేపచెట్టు వైపు చూశాను. పెద్దవాళ్ళెవరైనా వస్తారని. చెట్టే కనబళ్ళేదు. పొగ ముందు వాళ్ళ మీదికే వెళ్ళిందట. కళ్ళు కనపడక, వరండా వైపు రాలేక, పక్క గోడ దూకి చేల మీదుగా చుట్టూ తిరిగి రోడ్డెక్కి వస్తున్నారట. నేను వాళ్ళకోసం చూస్తున్నాను, వాళ్ళు మాకోసం పరిగెడుతున్నారు. మధ్యలో ఆ మెట్ల దగ్గర పెద్దదాన్ని నేనే. పదిహేనేళ్ళు నాకు, అమ్మ చీరలో.

ఎదురుగా ఆకుపచ్చ తలుపు. పక్కన మెట్లు. తలుపు దగ్గరికి పోతే మెట్ల మీద ఎవరో ఒకరు చస్తారు. మెట్ల దగ్గర నిలబడితే చెల్లి చస్తుంది. అప్పుడు నేనేదో ఆలోచించి నిర్ణయం తీసుకున్నానని తర్వాత సభలో చెప్పారు. అబద్ధం. నేనేమీ ఆలోచించలేదు. చీర లోపల కాళ్ళు తడిసిపోయాయి, ఇప్పుడు దాచేదేముంది. నోరు మాత్రం తనంతట తనే తెరుచుకుంది.

"స్కూల్! అటెన్షన్!"

రోడ్డవతల టీకొట్టు మామ్మకి వినబడిందట.

ఆగారు. నిజంగా ఆగారు. ఏడాది పొడుగునా రోజూ విన్న మాట కదా, బుర్ర కంటే ముందు వాళ్ళ కాళ్ళు విన్నాయి. మెట్ల మీద ఆ నెట్టుడు ఒక్క క్షణం బిగుసుకుంది. ఆ క్షణంలో పడ్డ పిల్లని పక్కవాళ్ళు లేపారు.

"ఒకళ్ళ వెనక ఒకళ్ళు! ఎడం చెయ్యి గోడ మీద! చున్నీలు, కర్చీఫులు ముక్కుకి! గేటు దాకా నడవండి, పరిగెత్తొద్దు! కింద ముందున్నవాళ్ళు కదలండి!"

కదిలారు. లైను కదిలింది. నేను మాత్రం కదలకూడదు.

పొడుగోడు నా పక్కనే ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. కొంగు ముడి విప్పబోయాను. రాలేదు. అమ్మ వేసిన ముడి రాయిలా బిగిసింది. పళ్ళతో పీకాను. అమ్మా, ఎందుకే ఇంత గట్టిగా కట్టావు, అని నోట్లో కొంగు పెట్టుకునే ఏడుస్తున్నాను. చీర పర్రున చిరిగింది, పంపు చేతిలో పడింది.

"ఆరో క్లాసురా. మా చెల్లిరా," అని పంపు వాడి చేతిలో కుక్కాను. "ఊపి, నోట్లో పెట్టి నొక్కు. ఊపిరి లాగమను. పోరా!"

వాడు ఈసారి మేడంగారూ అనలేదు. కంచాలు కడిగే డ్రమ్ములో చొక్కా ముంచి, మొహానికి చుట్టుకుని పొగలోకి పోయాడు. తలుపు బాదడం వినబడింది. తలుపు తెరుచుకోవడం కనబడింది. తర్వాత పొగ దట్టమై ఏదీ కనబడలేదు.

నా పక్కనుంచి లైను వెళుతోంది. "నడవండి, నడవండి," అంటున్నాను. కళ్ళలోంచి నీళ్ళు ధారలు కడుతున్నాయి. కళ్ళు మూసుకుంటే హాయి, అయినా మూయలేదు, ఆ తలుపు వైపే పెట్టాను. ఆకుపచ్చ రంగు పొగలో ఒకసారి కనబడి ఒకసారి మాయమవుతోంది. మూకుమ్మడి దగ్గుల్లో పిల్లికూత కోసం వెతుకుతున్నాను. ఏ అక్కా తోడబుట్టినదాన్ని ఆ రకంగా వెతుక్కోకూడదు.

ఆరో తరగతి పిల్లలు బయటికొచ్చారు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, రైలాటలో లాగా. ఒక్కొక్క మొహమూ చూశాను. రెండు జడలు, రిబ్బన్లు. మా చెల్లి కాదు. ఇంకోటి. మా చెల్లి కాదు. ఆఖరిపిల్ల నన్ను దాటిపోయింది. మా చెల్లి లేదు.

నా నోరు ఇంకా "నడవండి" అంటూనే ఉంది. పోనీ, ఈ పిల్లలేమైతే నాకేంటి, పోతాను, అనుకున్నాను. కాలు ఎత్తాను కూడా. మెట్ల మీదున్న ఏడో తరగతి కుర్రాడొకడు నా కాలి వైపు చూశాడు. వాడి మొహంలో బెదురు కనబడింది. కాలు దించాను.

అప్పుడొచ్చాడు పొడుగోడు. చొక్కా లేదు. వీపు మీద మా చెల్లి. దాని తల వాడి భుజం మీద వేలాడుతోంది, పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. నా పక్కనుంచే వెళ్ళాడు. ఆగలేదు. నేను చెయ్యి చాస్తే దాని రిబ్బను తగిలేంత దగ్గర. అది కళ్ళు తెరిచి నన్ను చూసింది. చూస్తూనే వెళ్ళిపోయింది. నేను ఆ మెట్ల దగ్గరే ఉన్నాను, ఎందుకంటే పైన ఇంకా పిల్లలున్నారు.

ఆఖరివాడు దిగాక ఎలా పరిగెత్తానో, గేటు ఎప్పుడు దాటానో నాకు గుర్తులేదు. రోడ్డు మీద డ్రిల్లు మాస్టారు మొహమంతా ఎర్రబారి, కళ్ళు వాచి, మోటారు సైకిలు స్టార్టు చేసి ఉన్నారు. పొడుగోడు చెల్లిని మధ్యలో పెట్టి పట్టుకుని కూర్చున్నాడు. నాకు చోటు లేదు. బండి పర్చూరు వైపు వెళ్ళిపోయింది. వెనకాల ఎవరి ఆటోలోనో నన్నెక్కించారు.

పర్చూరులో డాక్టరు మొహానికి మాస్కు పెట్టి మందు పొగ పట్టించాడు. పొగ తగ్గించడానికి మళ్ళీ పొగేంటని పిచ్చిదానిలా ఆయన మీదికి వెళ్ళానట. పొద్దు వాలేసరికి చెల్లి పెదాలకి రంగొచ్చింది. నేను మంచం పక్కన కూర్చుని దాని ఛాతీ లేవడం, దిగడం చూస్తున్నాను. అది మాస్కు కాస్త పక్కకి లాగి, గీరుకుపోయిన గొంతుతో అడిగింది.

"నువ్వెందుకు రాలేదక్కా?"

నేను మాస్కు మళ్ళీ సరిగ్గా దాని ముక్కు మీద పెట్టాను.

అమ్మ మిరప చేలోంచి అలాగే వచ్చింది, చేతులకి కారమూ, తలకి గుడ్డా. చెల్లిని తడిమి తడిమి చూసింది. తర్వాత నా వీపు మీద ఒక్కటి వేసింది. "ఊళ్ళో పిల్లలందరూ నీకు కావాలి, నీ తోడబుట్టింది మాత్రం వద్దటే!" అని అరిచింది. అరిచి, నా చిరిగిన కొంగు చూసి, నన్నే పట్టుకుని బావురుమంది.

బళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు. మెట్ల మీద పడ్డ పిల్ల చెయ్యి బెణికింది, అంతే. తర్వాత సభ పెట్టి నాకో షీల్డు ఇచ్చారు. నాయకత్వమనీ, సమయస్ఫూర్తి అనీ పెద్దలు మాట్లాడారు. పొడుగోడికి కూడా ఇవ్వమని నేను మైకులోనే అడిగాను. నా గొంతు అప్పుడు వణకలేదు, కోపమొచ్చింది కాబట్టి. వాడికి దండ వేశారు. కల్లం పెద్దాయన మా ఇంటికొచ్చి, పంటంతా పోయినవాడు, అరుగు మీద కూలబడి మా చెల్లి కాళ్ళు పట్టుకోబోయాడు. వంట పిన్ని అప్పట్నుంచీ వట్టి ఉప్పుతోనే దిష్టి తీస్తోంది.

చెల్లి ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. కానీ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఒకరోజు నా బ్యాగు తెరిచి పంపు తీసేసుకుంది. "నా దగ్గరే ఉంచుకుంటాలే," అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. నేను వద్దనలేకపోయాను. అప్పట్నుంచీ దానికి దగ్గొస్తే నా వైపు చూడటం మానేసింది. జేబులో చెయ్యి పెట్టుకునేది, పంపు తీసుకునేది, పీల్చేది. నేను గుంటూరులో డిగ్రీలో చేరాక కూడా, హాస్టల్లో పక్క మంచం పిల్ల దగ్గితే ఉలిక్కిపడి లేచి కూర్చుని, నా దగ్గర పంపు లేదని గుర్తొచ్చి మళ్ళీ పడుకునేదాన్ని.

నాలుగేళ్ళకి మా చెల్లి పదో తరగతికొచ్చింది. అదీ స్కూల్ లీడరైంది. ఫోన్లో ఆ మాట వినగానే నాకు ముచ్చెమటలు పోశాయి. "వద్దే," అన్నాను. "నువ్వు చేశావుగా," అంది.

స్వపరిపాలన రోజుకి బస్సెక్కి వచ్చాను. చీర కట్టింది నేనే. దానికి వంకాయరంగు చీరే కావాలట. కొంగు చివర అమ్మ వేసిన కుట్టు కనబడకుండా లోపలికి మడిచాను. పంపు నడుం దగ్గర దోపుకుంది. నేను దాని వెనకాలే బడికి వెళ్ళాను. ఇప్పుడు వేపచెట్టు కింద కూర్చునే టీచర్లలో సగంమంది వరండాలోనే ఉంటున్నారు, అయినా నా కళ్ళు వెనక గోడ మీదే. గాలి ఎటుందా అని ముక్కు ఎగబీల్చి చూస్తున్నాను. ఎవరో ఎక్కడో దగ్గారు. చప్పున అటు తిరిగాను.

మెట్ల దగ్గరికి వచ్చాక చెల్లి ఆగింది. "నువ్వు నిలబడింది ఇక్కడేగా?"

"ఇక్కడే."

అది నన్ను పక్కకి జరిపి సరిగ్గా ఆ చోట నిలబడింది. మెట్ల పైకి చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పింది. వరండా చివర ఆకుపచ్చ తలుపు, రంగు కొత్తగా వేశారు. అది చాలాసేపు దానివైపే చూసింది. ఇన్నేళ్ళూ అదే బళ్ళో చదివింది, ఆ చోట నిలబడి మాత్రం ఎన్నడూ చూసినట్టు లేదు.

"ఇక్కణ్ణుంచి మా క్లాసు తలుపు కనబడుద్దా?" అంది.

"కనబడుద్ది."

"పొగలో కూడానా?"

"మధ్యమధ్యలో. నేను దాన్నే చూస్తా ఉన్నానే. నువ్వొచ్చేదాకా దాన్నే చూస్తా ఉన్నా."

అది పెదవి కొరుక్కుంది. పైనుంచి పిల్లలెవరో, "మేడంగారూ, గంట కొట్టమంటారా?" అని అరుస్తున్నారు. అది నడుం దగ్గర చెయ్యి పెట్టి పంపు తీసి, నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు దాని మీద మూసింది.

"నేను క్లాసులన్నీ తిరగాల. ఇది నీ దగ్గరుంచు," అంది. "ఇక్కడే ఉండు, నాకు కనబడేటట్టు. కదలొద్దు."

పంపుని చున్నీ చివర ముడేసుకుని, ఆఖరి గంట కొట్టేదాకా ఆ మెట్ల దగ్గరే నిలబడ్డాను.